పేగులో గడ్డ, కాలేయంలో మచ్చ, మధ్యలో బాక్టీరియా: నా అనుభవం

సీటీ రిపోర్టు చూసి డాక్టర్ గారు విషయం చెప్పగానే "నయమవుతుందా అండీ" అని మా ఆయన అడిగారు. నా బుర్రలో మాత్రం వేరే ప్రశ్న తిరుగుతోంది. గడ్డ ఉన్నది పెద్దపేగులో, ఎడమవైపు కింద. మచ్చ కనిపించింది కాలేయంలో, కుడివైపు పైన. అంత దూరం ఎలా పోయింది?

అడిగేశాను. ఆయన విసుక్కోకుండా రిపోర్టు కవరు వెనక బొమ్మ గీశారు. పేగుల చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలన్నీ కలిసి ఒక పెద్ద సిర అవుతాయి, దాన్ని పోర్టల్ సిర అంటారు. అది గుండెకి నేరుగా పోదు, ముందు కాలేయంలోకి పోతుంది. మనం తిన్నదాంట్లోంచి పేగు పీల్చుకున్నదంతా మొదట కాలేయం చూసుకోవాలి కదా. అందుకే పెద్దపేగు క్యాన్సర్ పాకితే ఎక్కువమందిలో మొదట కనబడేది కాలేయంలోనే. "ఒకటే మచ్చ, తీయగలిగే చోటే ఉంది. నాలుగో దశ అన్న మాట విని బెంబేలు పడకండి" అన్నారు.

మాది ఆమదాలవలస. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌కి దగ్గర్లో నేనూ మా ఆయనా టిఫిన్ సెంటర్ నడుపుతాం. జబ్బు బయటపడడానికి ముందు చాలాకాలం విరేచనంలో రక్తం పడేది. మొలలని చెప్పి ఒకచోట మందులిచ్చారు. తర్వాత ఆయాసం మొదలైంది, పిండి గిన్నె ఎత్తితే కళ్ళు తిరిగేవి. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ బాగా తక్కువ వచ్చింది. శ్రీకాకుళంలో ఒక ఫిజీషియన్ గారు ఐరన్ మాత్రలు రాసి ఊరుకోలేదు. "మీకు నెలసరి ఆగిపోయింది కదమ్మా, మరి ఒంట్లో రక్తం ఎటు పోతున్నట్టు?" అని అడిగి, పేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీకి పంపారు. ఆ ఒక్క ప్రశ్నకి నేను ఆయనకి జీవితాంతం రుణపడి ఉంటాను.

కొలనోస్కోపీ గురించి జనం భయపడేది ఒకటి, అసలు కష్టం ఇంకొకటి. గొట్టం పెట్టేటప్పుడు మత్తు ఇస్తారు, ఏమీ తెలియదు. ముందురోజు పేగు ఖాళీ అవడానికి లీటర్లకొద్దీ నీళ్ళలో పొడి కలిపి తాగిస్తారు చూడండి, అదీ కష్టం. కాస్త ఉప్పగా, కాస్త తియ్యగా, ఎటూ కాని రుచి. రాత్రంతా బాత్‌రూమే. గడ్డలోంచి చిన్న ముక్క తీసి చూసే బయాప్సీలో అడినోకార్సినోమా, అంటే క్యాన్సరే, అని వచ్చింది. వైద్యం విశాఖలో మొదలుపెట్టాం. పొద్దుటి రైలెక్కితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి మాలాగే ఫైళ్ళు పట్టుకుని వెళ్ళేవాళ్ళు ప్రతి పెట్టెలోనూ కనిపించేవారు. కొందరు కేజీహెచ్‌కి, కొందరు అగనంపూడిలో టాటా వాళ్ళ హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి. పేరు మారినా అందరూ ఆరోగ్యశ్రీ అనే పిలిచే కార్డు అందరి చేతుల్లోనూ ఉండేది.

బాక్టీరియా సంగతి నాకు మొదట చెప్పింది మా అప్ప (అక్క) కూతురు. విశాఖలో మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ చదువుతోంది. డాక్టర్ గారు గీసిన బొమ్మ చూపిస్తే, "ఇది దారి మాత్రమే పిన్నీ. దారి ఉంటే సరిపోదు. కొత్త చోట కణం బతకాలి కదా" అంది. రక్తంలో పడ్డ క్యాన్సర్ కణాల్లో చాలావరకు చచ్చిపోతాయట. ఏదో ఒకటి కాలేయంలో నిలదొక్కుకుంటుంది. దానికి సాయం చేసేవాళ్ళలో బాక్టీరియా కూడా ఉన్నాయని కొన్నేళ్ళుగా తేలుతోందట.

మన ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా ఉంటాయని, దాదాపు మన కణాల లెక్కకి సమానమని, వాటిలో ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉంటాయని చెప్పింది. రోజూ పిండి పులియబెట్టే దాన్ని, బాక్టీరియా అంటే నాకేం భయం లేదు. కానీ అది చెప్పిన ఒక పేరు మాత్రం కాగితం మీద రాయించుకున్నాను: ఫ్యూసోబాక్టీరియం న్యూక్లియేటం. దాని అసలు ఇల్లు మన నోరు, పంటి చిగుళ్ళ దగ్గర. చాలామంది నోట్లో ఉంటుంది. 2012లో కెనడాలో ఒక బృందం, అమెరికాలో బోస్టన్‌లో ఇంకో బృందం విడివిడిగా వెతికితే పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో ఈ నోటి బాక్టీరియా ఎక్కువగా దొరికింది. గడ్డ కణాల మీద ఉండే ఒకరకం చక్కెరని పట్టుకుని అతుక్కుంటుందట. గడ్డని చంపడానికొచ్చే రోగనిరోధక కణాలను అడ్డుకుంటుంది, కీమోకి లొంగకుండా గడ్డకి సాయపడుతుంది.

2017లో బోస్టన్ వాళ్ళే ఇంకో అడుగు ముందుకేశారు. పెద్దపేగు గడ్డలో ఫ్యూసోబాక్టీరియం ఉన్నవాళ్ళ కాలేయపు గడ్డల్లో కూడా అదే బాక్టీరియా, అదే రకం, బతికే కనిపించింది. అంటే క్యాన్సర్ కణాలు ప్రయాణం చేస్తే వాటితోపాటు ఇదీ ప్రయాణం చేస్తోందన్నమాట. ఇది విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. క్యాన్సర్ ఒక్కటే అనుకుంటే దానికి తోడు కూడా ఉందా అని.

2021లో ఇటలీలో మిలాన్ వాళ్ళ పరిశోధన ఇంకో రకం. పేగులో ఉన్నది రక్తంలోకి పోకుండా పేగు రక్తనాళాల గోడలో ఒక కాపలా ఉంటుంది. గడ్డలో చేరిన ఒకరకం ఇ.కోలి బాక్టీరియా ఆ కాపలాని దెబ్బతీసి, పోర్టల్ సిర దారినే కాలేయానికి పోయి, అక్కడ వాపు పుట్టించి, క్యాన్సర్ కణాలు దిగడానికి చోటు సిద్ధం చేస్తుంది. పెళ్ళివారి కంటే ముందు విడిది చూసి రావడానికి మనుషులు వెళ్ళరూ, అలా. మా అప్ప పిల్ల చెప్పినవాటిలో నా మొదటి ప్రశ్నకి దగ్గరగా వచ్చిన జవాబు ఇదే. ఇందులో చాలా భాగం ఎలుకల మీద చూసినదని, రోగుల గడ్డల్లో ఆ కాపలా చెడిన గుర్తు ఎక్కువగా ఉన్నవాళ్ళకి తర్వాత కాలేయంలో క్యాన్సర్ రావడం ఎక్కువగా కనిపించిందని అది విడమరచి చెప్పింది. నాకు కచ్చితంగా అలాగే జరిగిందని ఎవరూ చెప్పలేరు.

తర్వాతిసారి డాక్టర్ గారిని అడిగాను, నా గడ్డలో ఆ బాక్టీరియా ఉందో లేదో పరీక్ష చేయిస్తారా అని. ఆయన నవ్వి, "ఎవరు చెప్పారమ్మా మీకు?" అన్నారు. పరిశోధనశాలల్లో చూస్తారు గానీ, ఉందని తెలిసినా వైద్యం మారదు కాబట్టి మామూలుగా ఆ పరీక్ష రాయరట. మరి 2017 పరిశోధనలోనే మెట్రోనిడజోల్ ఇస్తే ఎలుకల్లో గడ్డ పెరగడం తగ్గిందట కదా అన్నాను. మన ఇళ్ళల్లో విరేచనాలు పడితే డబ్బాలోంచి తీసి మింగే మాత్రే అది. ఇంత చవకైన మాత్రకి లొంగేదైతే వాడకూడదా అని నా ఆశ.

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తే. ఎలుకలో ఒక్క గడ్డ, ఒక్క బాక్టీరియా చూస్తారు. మనిషి పేగులో వందల రకాలు. యాంటీబయాటిక్ వేస్తే చెడ్డదానితోపాటు మనకి మేలు చేసేవీ పోతాయి, పోయినచోట ఏది పెరుగుతుందో తెలియదు. ఆపరేషన్‌కి ముందు వాళ్ళు ఇచ్చే యాంటీబయాటిక్ లెక్క వేరు, అది కోసినచోట చీము పట్టకుండా. "మీ అంతట మీరు మాత్రం ఒక్కటి కూడా వేసుకోవద్దు. విరేచనాలు పట్టినా ముందు నాకు ఫోన్ చేయండి."

అయితే ఒక పని చేయమన్నారు. కీమో మొదలవకముందే పళ్ళ డాక్టరుకి చూపించుకోమన్నారు. ఇది ఫ్యూసోబాక్టీరియం కోసం కాదు. కీమోలో తెల్లకణాలు పడిపోయినప్పుడు పుచ్చుపళ్ళు, చిగుళ్ళ నుంచి ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా పాకకుండా. నాకు బ్రష్ చేస్తే చిగుళ్ళలోంచి రక్తం వచ్చేది, ఎన్నాళ్ళుగానో. పళ్ళు శుభ్రం చేయించుకున్నాను, ఒక పన్ను తీశారు. ఆ కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు మాత్రం ఆ బాక్టీరియాని తలుచుకోకుండా ఉండలేకపోయాను. 2024లో అమెరికా సియాటిల్ వాళ్ళు సుమారు 200 గడ్డలు చూస్తే, సగం వాటిలో ఫ్యూసోబాక్టీరియంలో ఒకే ఒక ఉపరకం ఎక్కువగా దొరికిందట. కడుపులో ఆమ్లాన్ని తట్టుకునే శక్తి దానికుందట. నోట్లోంచి అంత కిందకి ఎలా దిగుతుందో దాంతో కొంత అర్థమవుతుంది. చిగుళ్ళు బాగుచేసుకుంటే క్యాన్సర్ ఆగుతుందని మాత్రం ఎవరూ రుజువు చేయలేదు.

ఇక మా టిఫిన్ సెంటర్ సంగతి. మా పిల్ల చెప్పేదంతా మా అత్త పక్కన కూర్చుని వింది. అర్థమైనంత అర్థమైంది. మర్నాడు వీధిలో, "మా కోడలికి పేగులో పురుగు పట్టిందట. ఆ పురుగే ఎల్లి కాలేయంలో కూకుందట" అని చెప్పేసింది. వారం తిరక్కుండా మా దగ్గర కూర్చుని తినేవాళ్ళు తగ్గిపోయారు. పార్శిళ్ళు తగ్గాయి. వచ్చినవాళ్ళు "ఇంటికాడ అంతా కులాసాయేనా" అని పలకరించి టీ ఒక్కటే తాగి పోయేవారు. మా ఆయన నాతో చెప్పలేదు. మిగిలిపోయిన పిండి చూసి నేనే కనిపెట్టాను.

చివరికి రోజూ వచ్చే ఆటో అబ్బాయి నోరు విప్పాడు. "వదినా, ఏటీ అనుకోకు. పురుగు వల్ల వచ్చే జబ్బంటన్నారు. మీ చట్నీ తింటే మాకూ అంటుకుంటాదేటి?" నాకు కోపం రాలేదు. అడిగినందుకు సంతోషమే. అడగనివాళ్ళతోనే కష్టం. "ఆ బాక్టీరియా నీ నోట్లోనూ ఉండొచ్చు తమ్ముడూ, నా చట్నీ దాకా రానక్కర్లేదు. క్యాన్సర్ అంటే నా ఒంట్లో కణాలే దారితప్పి పెరగడం. అవి నీకు అంటుకోవు. ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు" అని చెప్పాను. అతను ఆలోచించి రెండు ఇడ్లీ చెప్పాడు. ఆ రోజు అతను నలుగురికి చెప్పాడో ఏమో, మెల్లగా జనం మళ్ళీ మొదలయ్యారు.

ఆ సాయంత్రం మా పిల్ల ఇంకో విషయం చెప్పింది. బాక్టీరియాకీ క్యాన్సర్‌కీ సంబంధం అన్న మాట కొత్తదేం కాదు. హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా జీర్ణాశయంలో పుండ్లు పుట్టిస్తుందని తేల్చడానికి 1984లో బారీ మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు దాన్ని తానే తాగేశాడు. 2005లో ఆయనకీ రాబిన్ వారెన్‌కీ నోబెల్ వచ్చింది. జీర్ణాశయ క్యాన్సర్‌కి అది కారణమని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే ప్రకటించింది. అది మాత్రం మనిషి నుంచి మనిషికి సోకుతుంది, యాంటీబయాటిక్స్‌తో పోతుంది. సోకిన వాళ్ళలో క్యాన్సర్ దాకా వచ్చేది కొద్దిమందికే. నా జబ్బు ఆ లెక్కలోది కాదు. "ఈ ముక్క మాత్రం మా అత్త ముందు చెప్పకే" అన్నాను.

ముందు పెద్దపేగు ఆపరేషన్ అయింది. తర్వాత కీమో. మూడు వారాలకొకసారి ఆక్సాలిప్లాటిన్ నరంలోకి ఎక్కిస్తారు, రెండు వారాలు కేపసిటబిన్ మాత్రలు, ఒక వారం విరామం. ఆక్సాలిప్లాటిన్‌తో చల్లటిది ముట్టుకోకూడదు. నాలాంటి వృత్తిలో ఉన్నవాళ్ళకి ఇదెంత కష్టమో ఊహించండి. ఫ్రిజ్‌లోంచి పిండి గిన్నె తీస్తే వేళ్ళ చివర్లు కరెంటు కొట్టినట్టు జివ్వుమనేవి. పొద్దున్నే చన్నీళ్ళు గొంతులో పోసుకుంటే గొంతు బిగుసుకుపోయినట్టుండేది. మాత్రలతో అరచేతులు, అరికాళ్ళు ఎర్రబడి పొట్టు లేచేవి, పొయ్యి దగ్గర నిలబడలేకపోయేదాన్ని. కొన్నాళ్ళు దోసెల పెనం పూర్తిగా మా ఆయనకే వదిలేశాను. దోసెలు గుండ్రంగా రాలేదు, ఎవరూ ఏమీ అనలేదు.

ఈ రోజుల్లోనే సలహాలు వెల్లువలా వచ్చిపడ్డాయి. చద్దన్నంలో మంచి బాక్టీరియా ఉంటుంది, తరవాణి తాగు, పేగు బాగుపడితే క్యాన్సర్ పారిపోతుంది అని ఫోన్లలో వీడియోలు పంపేవారు. నేను చిన్నప్పటి నుంచి తరవాణి తాగి పెరిగినదాన్ని. నాకు అది మందు కాదు, పొద్దుటి తిండి. కానీ ఆసుపత్రి వాళ్ళు తెల్లకణాలు తగ్గిన రోజుల్లో చద్ది, తరవాణి, పచ్చికూరగాయ ముక్కలు, బయట కొన్న పెరుగు వద్దన్నారు. అప్పటికప్పుడు వండి వేడిగా ఉన్నదే తినమన్నారు. పులిసినదాంట్లో ఏ బాక్టీరియా ఉందో ఎవరు చూశారు? ఆరోగ్యంగా ఉన్న మనిషికి హాని చేయనిది తెల్లకణాలు లేనప్పుడు జ్వరం తెప్పించి ఆసుపత్రిలో పడేస్తుంది. ఇడ్లీకి మాత్రం అభ్యంతరం చెప్పలేదు. పిండి పులిసినదే అయినా ఆవిరికి ఉడికిపోతుంది కదా. బతికానురా అనుకున్నాను.

తెలిసినావిడ ఒకరు ప్రోబయాటిక్ క్యాప్సూల్స్, అంటే మంచి బాక్టీరియా నింపిన మాత్రల డబ్బా తెచ్చిచ్చింది, చాలా ఖరీదు. ఆవిడ ప్రేమగా తెచ్చిందే. డాక్టర్ గారికి చూపిస్తే పక్కన పెట్టమన్నారు. మా పిల్ల దీని వెనక కథ కూడా చెప్పింది. 2018లో పారిస్, హ్యూస్టన్, షికాగో నుంచి మూడు పరిశోధనలు ఒకేసారి వచ్చాయి. ఇమ్యునోథెరపీ, అంటే మన రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొల్పే మందు, తీసుకునే రోగుల్లో ఆ మందు ఎవరికి పనిచేస్తుందన్నది పేగు బాక్టీరియాని బట్టి కూడా ఉంటుందని వాటి సారాంశం. వీడియోల్లో తిరిగేదంతా అక్కడ నుంచి పుట్టిందే. కానీ 2021లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ రోగుల్ని చూస్తే పీచు బాగా తిన్నవాళ్ళు మెరుగ్గా ఉన్నారు, కొని తెచ్చుకున్న ప్రోబయాటిక్స్‌తో ప్రయోజనం కనబడలేదు. ఎలుకల్లో అయితే ప్రోబయాటిక్స్ ఇచ్చినప్పుడు మందు పనితనం తగ్గింది కూడా. పైగా నా గడ్డకి ఎమ్ఎమ్ఆర్ అనే పరీక్ష చేశారు. ఇమ్యునోథెరపీకి బాగా లొంగే రకం నాది కాదని వచ్చింది. నాకు ఇవ్వని మందు బాగా పనిచేయడానికి నేనెందుకు క్యాప్సూల్స్ మింగాలి? మలం డబ్బాలో పంపితే బాక్టీరియా లెక్క రాసి పంపే కిట్లు కూడా ఉన్నాయని ఒకాయన చెప్పాడు. లెక్క వచ్చాక ఏం చేయాలో ఆయనా చెప్పలేకపోయాడు.

కీమో వార్డులో నా పక్క మంచం మీద చీపురుపల్లి నుంచి వచ్చిన పెద్దాయన ఉండేవారు. ఆయనది వేరే మందు, ఇరినోటెకాన్. విరేచనాలతో మనిషి సగమైపోయారు. కాలేయం ఆ మందుకి కళ్ళెం వేసి పేగులోకి పంపేస్తే, అక్కడున్న బాక్టీరియా ఒక ఎంజైమ్‌తో ఆ కళ్ళెం విప్పేస్తుందట. మందు మళ్ళీ విషమై పేగు గోడని కాల్చేస్తుంది. బాక్టీరియా క్యాన్సర్‌కి ఏం చేస్తుందో అని బెంగపడుతూ కూర్చున్నాను గానీ, మందుకి ఏం చేస్తుందో అక్కడే కళ్ళారా చూశాను. విరేచనం మొదలవగానే నర్సుకి చెప్పడం, నీళ్ళు, ఉప్పు చక్కెర ద్రావణం ఆపకుండా తాగడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

కొన్ని కీమోల తర్వాత స్కాన్‌లో కాలేయపు మచ్చ చిన్నదైంది. అప్పుడు ఆ ముక్క తీసేశారు. తీసినా కాలేయం మళ్ళీ పెరుగుతుందని చెప్పారు. మిగిలిన కీమో పూర్తిచేశాను. ఇప్పుడు మూడు నెలలకొకసారి, జబ్బు తిరగబెడుతోందేమో చూసే సీఈఏ రక్తపరీక్ష, మధ్యమధ్య స్కాన్. రిపోర్టు వచ్చేదాకా టెన్షన్ తప్పదు, అది అలవాటు కాదు. పేగు ఆపరేషన్ కొత్తలో పీచు తగ్గించమన్నవాళ్ళే తర్వాత మెల్లగా పెంచమన్నారు. చోడి అంబలి, ఉలవలు, తోటకూర, అరటిదవ్వ. ఆ పీచుని పేగు బాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ అనే పదార్థం చేస్తాయి, పెద్దపేగు గోడ కణాలకి అదే ముఖ్యమైన ఆహారం. తెల్లకణాలు మామూలుకి వచ్చాక తరవాణికి కూడా అనుమతి దొరికింది. ఎండాకాలం పొద్దున్నే ఉల్లిపాయ కొరుక్కుని తాగితే ఆ హాయి వేరు. దాన్ని మందని మాత్రం నేను ఎవరికీ చెప్పను.

నా జబ్బు తెలిసిన రోజే డాక్టర్ గారు చెప్పిన ఇంకో మాట: తోడబుట్టినవాళ్ళకీ పిల్లలకీ 40 ఏళ్ళకి గానీ, నాకు జబ్బు బయటపడిన వయసుకి పదేళ్ళు ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ మొదలుపెట్టాలని. మా అప్పని దాని కూతురే లాక్కెళ్ళింది, ఏమీ లేదని వచ్చింది. బొబ్బిలిలో ఉన్న మా తమ్ముడు మాత్రం మొండికేశాడు. "నాకేం రక్తం పడట్లేదు కదప్పా, ఆ పరీక్షేంటి అసయ్యంగా" అనేవాడు. వాడికి నలభై దాటి చాలాకాలమైంది. ఫ్యూసోబాక్టీరియం కథ చెప్పాను, వినలేదు. మిలాన్ కథ చెప్పాను, ఆవులించాడు. చివరికి మా మరదలు నాలుగు రోజులు వాడితో మాట్లాడ్డం మానేస్తే వెళ్ళాడు. చిన్న పాలిప్, అంటే పేగు గోడ మీద మొటిమలాంటిది, దొరికింది. అప్పటికప్పుడే తీసేశారు. అది క్యాన్సర్ కాలేదు గానీ వదిలేస్తే కొన్నేళ్ళకి అయ్యే అవకాశం ఉన్న రకమేనని రిపోర్టు వచ్చింది. కొన్నేళ్ళకి మళ్ళీ రమ్మన్నారు. ఆ పొడి నీళ్ళు ఇంకోసారి తాగడం తన వల్ల కాదని వాడు ఇప్పటి నుంచే గొణుగుతున్నాడు. మా మరదలు ఆ పాలిప్ ఫోటో తన ఫోన్‌లో దాచి ఉంచింది, అప్పుడు చూపించడానికి.